చెకుముకి తుపాకి: పనితనం ఎక్కడ చూడాలి?

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కోరారు. శాసనాలు, రాజవంశాలు క్షుణ్ణంగా ఎరిగిన మిత్రులు మన సంఘంలో ఉన్నారు. వారి జోలికి నేను పోను. ముప్పైమూడేళ్లు టూల్ రూంలో ఆకురాయి, మైక్రోమీటరు పట్టుకుని బతికినవాణ్ణి గనుక ఒక వస్తువు చరిత్ర రాస్తాను. అది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టిన పొడుగు రైఫిలు. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలో స్థిరపడటంతో రెండు దఫాలు అక్కడ ఉండే అవకాశం కలిగింది. లాంకాస్టర్ దగ్గరి లాండిస్ వ్యాలీ మ్యూజియంలో ఈ తుపాకులను చూశాక, వాటి పని మంచిచెడ్డలు తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

పద్దెనిమిదో శతాబ్దం తొలి భాగంలో జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాల నుంచి వలస వచ్చిన కమ్మరులు తమ వెంట పొట్టి వేట తుపాకి తెచ్చుకున్నారు. గొట్టం పొట్టి, గుండు పెద్దది. అమెరికా అడవుల్లో నెలల తరబడి తిరిగే వేటగాడికి మందు, సీసం రెండూ మోయాల్సిన బరువే గదా! అందువల్ల గుండు చిన్నదయింది, గొట్టం పొడుగయింది. చివరికి 42 నుంచి 46 అంగుళాల గొట్టం, సుమారు అర అంగుళం రంధ్రం, మనిషి గడ్డం దాకా వచ్చే ఎత్తు స్థిరపడ్డాయి. ఆనాటి ఇంగ్లీషు సైనికుడి తుపాకి రంధ్రం ముప్పాతిక అంగుళం. లోపల నున్నగా ఉండేది. రైఫిలు గొట్టంలో మెలితిరిగిన గాడులు ఉంటాయి. నూనె రాసిన గుడ్డముక్కలో గుండు చుట్టి దట్టిస్తే అది గాడుల వెంట బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుంది. సైనికుడి తుపాకి వంద గజాలకే గురి తప్పేది. చేయి తిరిగినవాడు రైఫిలుతో రెండు వందల గజాల దూరాన మనిషిని కొట్టేవాడు.

చెకుముకి అంటే మన పెద్దలకు తెలియనిది కాదు. రాయి, ఉక్కుముక్క, దూది పెట్టుకుని చుట్ట ముట్టించుకునే తాతలను చూసినవారు మనలో ఇంకా ఉన్నారు. ఈ తుపాకిలో జరిగేదీ అదే. ‘గుర్రం’ అనే భాగం నోట్లో చెకుముకి రాయి బిగించి ఉంటుంది. మీట నొక్కగానే గుర్రం ముందుకు దూకి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు కింది గిన్నెలోని మందులో పడతాయి. ఆ మంట గొట్టం పక్కనున్న సన్న రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును అంటిస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరగాలి.

ఇంచుమించు అదే కాలంలో మన హైదరాబాదులో రేమండ్ దొర గన్‌ఫౌండ్రీలో నిజాం సైన్యానికి ఫిరంగులు పోతపోయించేవాడు. అది సర్కారు కార్ఖానా. పెన్సిల్వేనియాలో అలా కాదు. ఒక రైతో, వేటగాడో వచ్చి తన చేతి పొడుగుకు, మెడ వంపుకు తగినట్టు ఒక్క తుపాకి చేయించుకునేవాడు. 1740లో మైంజ్ నగరంలో పుట్టి, లాంకాస్టర్‌లో స్థిరపడి 1822లో చనిపోయిన జేకబ్ డికర్ట్ అలాంటి పనివాళ్లలో ప్రముఖుడు. స్వాతంత్ర్య యుద్ధం 1783లో ముగిశాక సుమారు నలభై ఏళ్లు ఈ పనికి స్వర్ణయుగం. మేపుల్ కొయ్య మీద లతలు చెక్కడం, ఇత్తడి మూతలు, వెండి పొదుగులు అప్పుడే పరాకాష్ఠకు చేరాయి.

ఇక మంచి తుపాకిని గుర్తించడం ఎలా? చాలామంది ఇత్తడినీ, చెక్కుడునూ చూసి మురిసిపోతారు. నా దృష్టిలో అవి ఆఖరున చూడవలసినవి. అన్నిటికన్నా ముందు చేయవలసిన పని, తుపాకిలో మందు లేదని రూఢి చేసుకోవడం. దట్టించే కర్రను గొట్టంలో అడుగంటా దించి గుర్తు పెట్టుకుని, బయట ఆనించి కొలవాలి. కర్ర కొస గొట్టం వెనక దాకా అందకపోతే లోపల ఏదో ఉన్నట్టే. అటకల మీది పాత తుపాకుల్లో తాతలనాటి గుండు అలాగే ఉండిపోయిన సందర్భాలు ఉన్నాయి.

తరువాత నాలుగు అడుగులు వెనక్కి జరిగి మొత్తం ఆకారాన్ని చూడాలి. కొత్త పనివాడికి కొయ్య తీసేయడమంటే భయం. అందుకే వాడి తుపాకి దుంగలా ఉంటుంది. చేయి తిరిగినవాడు గొట్టం పక్కన కొయ్యను పల్చటి పెంకులా మిగులుస్తాడు. పిడికిలి పట్టే చోట కొయ్య నారలు పొడుగునా సాగాలి. అడ్డంగా పోతే ఎంత అందమైన చారలున్నా అక్కడే పుటుక్కుమంటుంది. ఆ చారలు కూడా కొయ్యలో పుట్టినవేనా అన్నది చూడాలి. సాదా కొయ్య మీద రంగుతో చారలు వేసిన ఘనులు ఆ రోజుల్లోనూ ఉన్నారు. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే సహజమైన చార మెరుపు మార్చుకుంటుంది, పూసిన చార మార్చుకోదు.

గొట్టం సంగతి నాకు అమితంగా నచ్చింది. మంచి రైఫిలు గొట్టం ఎనిమిది పలకలుగా ఉండి, వెనక లావుగా, నడుము సన్నంగా, మూతి దగ్గర మళ్లీ కొద్దిగా విచ్చుకుని ఉంటుంది. దానివల్ల బరువు చేతుల మధ్య నిలుస్తుంది. భుజానికి ఎత్తగానే తుపాకి తనంతట తానే గురి మీదికి వచ్చినట్టుంటుంది. కానీ అలాంటి గొట్టానికి కొయ్యలో గాడి తవ్వడం మహా కష్టం, ఎక్కడా తిన్నని గీత ఉండదు. అందుకే చవక పనిలో గొట్టం ఆ చివర నుంచి ఈ చివరికి ఒకే లావు. మూతి బరువుకు చేయి పీకుతుంది. గొట్టం వెనక మూసే మర లోపలి అంచుకు ఖచ్చితంగా ఆనాలి. సందు ఉంటే అక్కడ మందు మసి చేరి తేమ పట్టి ఇనుమును తినేస్తుంది.

ఆ యంత్రం విప్పి చూస్తే పనివాడి మనసు తెలుస్తుంది. స్ప్రింగు బలం ఎక్కువైతే రాయి పగులుతుంది, తక్కువైతే రవ్వ రాలదు. గుర్రాన్ని సగం ఎత్తి నిలిపే గాడి గట్టిగా పట్టాలి, ప్రాణాపాయం అక్కడే. ఉక్కు పలక పైపొర గట్టిపడేలా నీళ్లు పెట్టకపోతే రాయి దాన్ని గోకుతుందే తప్ప నిప్పు రాలదు. సన్న రంధ్రం గిన్నెకు సరైన ఎత్తులో లేకపోతే గిన్నెలో భుగ్గుమని వెలిగి, తుపాకి మాత్రం పేలదు. ఒక చిత్రం ఏమిటంటే, ఆనాటి గొప్ప రైఫిళ్లలో చాలావాటికి ఈ యంత్రం ఇంగ్లండ్ నుంచి దిగుమతి అయినదే. బర్మింగ్‌హాంలోని కెట్లాండ్ వారి పేరు తరచు కనిపిస్తుంది. నేటి పనివాళ్లు కూడా గొట్టం, యంత్రం కొనుక్కునేవారే ఎక్కువ. అది దోషం కాదు, కొన్నదాన్ని ఎలా అమర్చారన్నదే ప్రశ్న. ఇనుమూ కొయ్యా కలిసే చోట కాగితం దూరకూడదు. మైనం, రంపపు పొడి కలిపి కూరిన సందులు గోరు తగిలిస్తే తెలిసిపోతాయి.

ఈ విద్య ఒక దశలో దాదాపు అంతరించింది. పందొమ్మిదో శతాబ్దం రెండో పాదం నుంచి రాయి బదులు టోపీ తూటా వచ్చి, పాత తుపాకుల గుర్రాలు పీకి మార్చేశారు. 1924లో డిల్లిన్ అనే ఆయన ఈ రైఫిలు మీద పుస్తకం రాయడం, 1933లో మూతి నుంచి మందు దట్టించే తుపాకుల జాతీయ సంఘం ఏర్పడటం మళ్లీ ఆసక్తి రేపాయి. 1960లలో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో వాలెస్ గస్లర్ గొట్టంతో సహా మొత్తం తుపాకిని పాత పద్ధతిలో చేతితోనే చేసి చూపాడు. కొలిమిలో ఇనుప రేకును చుట్టి అతికి, తొలిచి, గాడులు కోయడానికి వందల గంటలు పడుతుంది. 1996లో నేటి పనివాళ్లు, సేకరించేవాళ్లు కలిసి ప్రత్యేకంగా ఒక సంఘం పెట్టుకున్నారు.

ధర మాటకు వస్తే, నేడు చేయించుకునే సాదా రైఫిలు కొన్ని వేల డాలర్లు. పేరుపడ్డవాడి చెక్కుడు పని పదివేలు దాటిపోతుంది. పేరుకు అంత విలువ ఉంది గనుకే మోసమూ ఉంది. నిన్నటి తుపాకికి మసి పూసి, మూలలు అరగదీసి రెండు వందల ఏళ్లనాటిదని అంటగట్టేవారున్నారు. టోపీ తూటాకు మారి, మళ్లీ రాయికి తిప్పిన పాత తుపాకిని మొదటి స్థితిలో ఉన్నట్టు అమ్మేవారున్నారు. పక్క పలక మీద పూడ్చిన చిల్లులు ఆ కథ చెబుతాయి. (అల్లుళ్లు ముచ్చటపడి తెచ్చిస్తామన్నా వద్దనండి. అమెరికా కేంద్ర చట్టం వీటిని పురాతన ఆయుధాల కింద వదిలేసినా, మన దేశానికి కాల్చగల తుపాకి లైసెన్సు లేకుండా తేకూడదు.)

మా అమ్మాయి వాళ్ల పొరుగున ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనా నాలాగే మెషిన్ షాపులో పనిచేసి విరమించినవారు. భార్యను వృద్ధుల ఆసుపత్రిలో చేర్చారు, ఖర్చులు మోయలేనంత అయ్యాయి. తండ్రి గారి నుంచి వచ్చిన రైఫిలు అమ్ముదామనుకున్నారు. అది 1790ల నాటిదని ఇంట్లో అందరి నమ్మకం. ఒక వర్తకుడు చూసి, “పాతదనే రాయండి, ఎవరూ విప్పి చూడరు” అన్నాడట. ఆ మాటే ఆయనకు అనుమానం కలిగించింది. నన్ను పిలిచి, “మీరూ పనివారే గదా, కలిసి చూద్దాం” అన్నారు.

సన్న మేకులు తట్టి గొట్టం పైకి ఎత్తాం. అడుగు పలకల మీద మిల్లింగు కట్టర్ వరసలు స్పష్టంగా ఉన్నాయి. రెండు శతాబ్దాల తుప్పు, నూనె దిగి నల్లబడాల్సిన గాడి లోపల కొయ్య లేత రంగులో ఉంది. మరల మీది దారం మా ఇద్దరికీ చిరపరిచితమైన యంత్రపు దారమే. అయితే ఆ గాడి తవ్వకం చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. గొట్టం వంపు వెంట ఉలి పోయిన తీరు అద్భుతం. అంత పని నా సర్వీసులో కొద్దిమంది చేతుల్లోనే చూశాను. అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది, 1976 ద్విశతాబ్ది ఉత్సవాలకు ముందు రెండేళ్లు తండ్రి రాత్రిళ్లు షెడ్డులో ఏదో చేస్తూ ఉండేవారని. ఇంట్లో అది మరమ్మతు అనుకున్నారట.

ఎక్కడా సంతకం లేదు. ఉండి ఉంటే ధర పెరిగేదని కొన్నతను చెప్పాడు. ఇప్పుడు చెక్కిద్దామా అని కొడుకు అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు. పురాతన వస్తువుగా వస్తుందనుకున్న సొమ్ములో నాలుగో వంతు కూడా రాలేదు. ఆసుపత్రికి కొద్ది నెలలకు సరిపోయింది. రసీదు మీద మాత్రం ‘సుమారు 1975, పెన్సిల్వేనియా’ అని, దాని కింద తండ్రి పేరు, ఆయన పనిచేసిన షాపు పేరు వివరంగా రాయించి ఇచ్చారు.