మంచు పల్లెలో కరెంటు సంఘం

నార్త్ డకోటాలో పల్లె అంటే మన ఊళ్ల లెక్క ఇళ్లన్నీ ఒక్క దగ్గర, చుట్టూ పొలాలు కాదు. ఎవరి ఇల్లు వాళ్ల పొలం నడుమ. మా పక్కింటికి మైలు దూరం. ఈ దూరానికి మూలం 1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోంస్టెడ్ చట్టం. కుటుంబానికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా ఇచ్చారు. కానీ ఆ భూమి మీదే ఇల్లు కట్టుకుని ఐదేళ్లు సాగు చేయాలి. ఊళ్లో ఉండి పొద్దున పొలానికి పోయి వస్తానంటే కుదరదు. అంతకుముందు ఆ నేల డకోటా, లకోటా వంటి తెగలది. వాళ్లను వెళ్లగొట్టి పంచిన భూమి అది. ఆ మాట దాచి ఈ దేశపు పల్లె చరిత్ర చెప్పడం తప్పు.

నార్వే నుంచి, జర్మనీ నుంచి వచ్చిన పేదలు చెట్టు దొరకని ఆ మైదానంలో గడ్డి వేళ్లతో సహా మట్టిపెళ్లలు కోసి గోడలు పేర్చుకున్నారు. 1888 జనవరి 12న పొద్దున కాస్త వెచ్చగా ఉందని పిల్లలు పలచని బట్టలతో బడికి పోయారు. ఇంతలో మంచు తుపాను విరుచుకుపడింది. ఎదుటి మనిషి కనపడలేదు. డకోటా, నెబ్రాస్కా, మిన్నెసోటాల్లో 235 మంది దాకా చనిపోయారంటారు. వారిలో చాలామంది బడి పిల్లలు. ఇంటికీ పశువుల కొట్టానికీ మధ్య తాడు కట్టి, దాన్ని పట్టుకునే నడిచేవాళ్లని ఇక్కడి పెద్దలు చెప్తారు. నాలుగు అడుగులు దారి తప్పితే సొంత వాకిట్లోనే ప్రాణం పోయేది.

నేను డాక్టర్ని. నాలాంటివాళ్లు ఈ మూలకు రావడం వెనకా ఒక చట్టముంది. చదువు కోసం వచ్చిన విదేశీ డాక్టర్లు చాలామంది చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి. డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే పథకాన్ని ఈ రాష్ట్రపు అప్పటి సెనేటర్ కెంట్ కాన్రాడ్ 1994లో తెచ్చారు. అమెరికా పల్లె ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు కనపడటానికి అదొక కారణం.

చలి మైనస్ 30 డిగ్రీలకు దిగినప్పుడు కారు ఇంజన్‌కు రాత్రంతా హీటర్ ప్లగ్గు పెట్టి ఉంచాలి. కార్లో దుప్పట్లు, పార, తిండి ఎప్పుడూ ఉండాలి. దారిలో మంచులో ఇరుక్కుంటే కారు దిగి నడవొద్దు. పొగగొట్టానికి అడ్డంపడ్డ మంచు తీయకుండా ఇంజన్ నడపొద్దు, విషవాయువు లోపలికి వస్తుంది. మంచు పారతో తీసేదే. అసలు భయం ఐసుది. గడ్డకట్టే వాన కురిసినప్పుడు కరెంటు తీగ మీద ఐసు పేరుకుంటుంది. ఆ బరువుకు గాలి తోడైతే స్తంభాలు వరసగా విరుగుతాయి. కరెంటు పోతే బోరు మోటరు ఆగుతుంది, నీళ్లుండవు. గ్యాసు హీటరున్నా దాని ఫ్యాను తిరగదు. గంటల్లో పైపులు గడ్డకట్టి పగులుతాయి.

మరి ఈ తీగ ఇంత దూరం ఎలా వచ్చింది? 1930ల మొదట్లో అమెరికాలో పది పొలం ఇళ్లలో తొమ్మిదింటికి కరెంటు లేదు. మైలుకు ఒకటి రెండు ఇళ్లుంటే లాభం రాదని ప్రైవేటు కంపెనీలు లైను వేయలేదు. 1935 మే 11న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేశారు. ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. రైతులు తలా ఐదు డాలర్ల లాంటి చిన్న రుసుముతో సంఘాలు కట్టుకుని తమ లైన్లు తామే వేయించుకున్నారు. ఇప్పటికీ మా కరెంటు అలాంటి సంఘానిదే. తుపాను పడ్డప్పుడు పక్క సంఘాల లైన్‌మెన్ కూడా లారీలేసుకుని సాయానికి వస్తారు. మంచులో వాళ్లు స్తంభమెక్కడం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ అమెరికా సంఘాల అనుభవమే మన దిక్కుకూ వచ్చింది. వాటి జాతీయ సమాఖ్య నిపుణుల సాయంతో భారతదేశంలో మొదట పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో సిరిసిల్ల సెస్ (సహకార విద్యుత్ సరఫరా సంఘం) ఒకటి. 1969లో ఢిల్లీలో పుట్టిన గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ దానికి అండ.  రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఈనాటికీ కరెంటు ఇచ్చేది సెస్సే. మరమగ్గాలూ వ్యవసాయ బావుల మోటర్లూ దాని తీగ మీదే నడుస్తాయి.

సెస్ సభ్యులైన అన్నలకు, అక్కలకు నా మనవి ఒక్కటే. సర్వసభ్య సమావేశానికి పోండి. లెక్కలు అడగండి. డైరెక్టర్ల ఎన్నికలొచ్చినప్పుడు జెండా రంగు చూడకుండా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రాత్రి ఫోనెత్తే మనిషికి ఓటేయండి.