‘జ్ఞా’ మీద పడ్డ నింద

2018 ఫిబ్రవరి మధ్యలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి ఎవరైనా ‘జ్ఞా’ పంపితే మెసేజీల యాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. వాట్సాప్, జీమెయిల్, సఫారీ అన్నిటిదీ అదే వరస. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. అదే సందేశం ఆండ్రాయిడ్ ఫోన్లో చూస్తే ఏమీ కాదు! అయినా చాలా వార్తలు ఐఫోన్ల మీద తెలుగు అక్షరం దాడి చేసినట్టే రాశాయి.

నాకా ధోరణి కొత్తగా అనిపించలేదు. తెర మీద తెలుగు సరిగ్గా రాకపోతే లోపం లిపిదే అన్నట్టు మాట్లాడటం అప్పటికే పాత అలవాటు.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ అంకెలు కేటాయిస్తే సరిపోదు కదా, గుణింతాలూ వత్తులూ కలిపి గీసే ప్రోగ్రామ్ కూడా ఉండాలి. విండోస్‌లో అది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. ఈలోగా పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లు చేసుకున్నాయి. తెర మీద ‘అ’లా కనిపించేది లోపల ఏ ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. పేజీతోపాటు ఫాంటునీ పంపే పద్ధతి 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో వచ్చింది. నెట్‌స్కేప్‌ది వేరే పద్ధతి. ఆ తర్వాత వచ్చిన ఫైర్‌ఫాక్స్ ఈ రెండింటినీ పట్టించుకోలేదు. అందుకే సిద్దిపేటలో నేను వెళ్లే నెట్ సెంటర్ అన్న ముందే చెప్పేవాడు: “నీలం ‘ఈ’ ఒత్తు తమ్మీ, నక్కదొత్తితె రాదు.” నక్కదొత్తితే వార్తల చోట ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే పొడిగింపు వచ్చాకగానీ ఫైర్‌ఫాక్స్ వాళ్లకి ఊపిరాడలేదు.

పత్రికలు యూనికోడ్‌కి మారేసరికి జనం ఫోన్లకి మారారు. ఆండ్రాయిడ్‌లో తెలుగు 2012లో, 4.1తో వచ్చింది. అంతకుముందు గళ్లే గళ్లు. ఒపెరా మినీలో ఒక చిట్కా ఉండేది: అడ్రసు పెట్టెలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ కొట్టి, సంక్లిష్ట లిపులకి బొమ్మ అక్షరాలు వాడమని చెబితే, వాళ్ల సర్వరే తెలుగుని బొమ్మగా గీసి పంపేది. కాపీ చేసుకోవడం కుదరదు, డేటా ఖర్చూ ఎక్కువే. అయినా బస్సులో కూచుని తెలుగు చదవగలగడం అప్పట్లో తక్కువ సంగతి కాదు.

మళ్లీ ‘జ్ఞా’ దగ్గరికొద్దాం. మామూలుగా ‘జ్ఞాపకం’ అని టైపు చేస్తే ఐఫోన్‌కి ఏమీ కాదు. ఊళ్లు తిరుగుతున్న ఆ సందేశాన్ని కాపీ చేసి అతికిస్తేనే కూలేది. తేడా కంటికి కనబడదు. ఆ సందేశంలో ‘ఞ’కీ దీర్ఘానికీ మధ్య ఒక వెడల్పు లేని గుర్తు ఉంది, పక్క అక్షరాలు కలవకుండా ఆపేది. మనకది శత్రువేం కాదు. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ కింద ‘వ’ వత్తు పడకుండా ఆపేది అదే. ‘జ్ఞా’లో దానికి పనిలేదు, నిజమే. కానీ పనిలేని గుర్తు కనబడితే దాటేసి పోవాలిగానీ ప్రోగ్రామ్ కూలిపోవడమేమిటి?

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ ఓపిగ్గా ఒక్కొక్క అక్షరం మార్చి చూశాడు. హల్లు, పొల్లు, మరో హల్లు, ఆ గుర్తు, చివర అచ్చు గుర్తు. ఈ వరస ఉంటే ‘జ్ఞ’ కానక్కర్లేదు, వేరే జంటలతోనూ కూలుతోంది. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని జంటలకి అదే గతి. అంటే అచ్చంగా తెలుగు జబ్బే కాదు. ‘ఏ ఫోను, ఏ బ్రౌజరు’ అని అడగడం దగ్గరే ఆగి ఉంటే ఈ సంగతి తేలేది కాదు.

ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసింది. మాక్‌కీ, వాచీకీ, టీవీకీ కూడా సవరణలొచ్చాయి. భద్రతా నోట్‌లో దాన్ని కోర్‌టెక్స్ట్ పద్దు కింద రాశారు. అక్షరాలు పరిచే భాగం అది. మెమరీ పాడయ్యే లోపం, లోపలికొచ్చే పాఠాన్ని ఇంకా సరిగ్గా తనిఖీ చేసేలా సరిదిద్దాం అని రెండు ముక్కలు. అందులో తెలుగు ఊసే లేదు.