ఇనుప పాదరక్ష

ఎముక విరిగినపుడు కట్టు కట్టి అవయవమును కదలకుండ ఉంచుట అందరెరిగిన చికిత్సయే. ఆ కట్టు విప్పిన నాటి స్థితిని గూర్చి మాత్రము వైద్యులు చాలకాలము అంతగా ఆలోచింపలేదు. తొడ సన్నబడియుండును; మోకాలు సరిగా వంగదు; రోగి లేచి నిలువబోయినచో కాలు తూలును. ఎముక అతికినది, మనిషి మాత్రము నడువలేకున్నాడు.

గాయపడిన భాగమునకు విశ్రాంతియే పరమౌషధమను నమ్మకము పందొమ్మిదవ శతాబ్దమున గట్టిపడెను. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ విశ్రాంతిని గూర్చి 1863లో ప్రకటించిన గ్రంథము ఇందుకు ముఖ్యమైన ఆధారమయ్యెను. కీళ్ల క్షయకు మందులేని ఆ రోజులలో ఈ ఉపదేశము అసంగతము కాదు. అయితే మందునకు వలెనే విశ్రాంతికిని మోతాదు ఉండునన్న విషయము మరుగున పడెను.

రెండవ ప్రపంచయుద్ధము ఈ సమస్యను అందరి ముందునకు తెచ్చెను. అమెరికాలో, చికాగో నగరమున, మిచిగాన్ సరస్సు ఒడ్డునగల ఒక హోటలును సైన్యము గార్డినర్ ఆసుపత్రిగా మార్చెను. మోకాలి గాయములతో వచ్చిన సైనికులు అక్కడ నెలల తరబడి ఉండవలసి వచ్చుచుండెను. సాధారణముగా వారిచే చేయించు వ్యాయామము తేలిక బరువును అనేక పర్యాయములు ఎత్తుట. దానివలన ఓర్పు పెరుగును గాని పోయిన బలము అంతగా తిరిగిరాదు. బలములేని మోకాలు నిలకడ తప్పును. నిలకడ తప్పిన కీలు వాచును. వాచిన కాలిని రోగి వాడడు. వాడని కండ మరింత క్షీణించును.

ఆ ఆసుపత్రిలోని యువవైద్యుడు థామస్ డెలోర్మ్ కౌమారమున రుమాటిక్ జ్వరముతో మంచము పట్టి, పిదప బరువులెత్తి దేహబలమును సంపాదించినవాడు. తనకు మేలు చేసినది సైనికులకేల చేయరాదని ఆయన తలచెను. పాదమునకు తగిలించు ఇనుప పాదరక్ష ఒకటి సాధనమయ్యెను. దానికి ఇనుప బిళ్లలు చేర్చి బరువు పెంచవచ్చును. రోగి బల్ల అంచున కూర్చుండి, వ్రేలాడు కాలిని తిన్నగా చాచి ఆ బరువును ఎత్తవలెను.

ఇందు అసలు విశేషము పాదరక్ష కాదు, కొలత. వరుసగా పదిసార్లు ఎత్తగలిగి, పదునొకండవసారి ఎత్తలేని బరువెంతయో వారమునకొకసారి నిర్ణయింతురు. కండ బలపడినకొలది బరువును పెంచుదురు. ఈ పద్ధతిని డెలోర్మ్ 1945లో ప్రకటించెను. పదేసి పర్యాయముల వరుసలను ఏడు మొదలు పది వరకు చేయవలెనని ఆయన మొదట విధించెను. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి వ్రాసిన వ్యాసములో, అంత శ్రమ అనవసరమని, మూడు వరుసలు చాలునని సవరించెను. పదిసార్లు ఎత్తగల బరువు 20 కిలోలైనచో మొదటి వరుసకు 10, రెండవదానికి 15, మూడవదానికి 20 కిలోలు. తన విధిని తానే సగమునకు పైగా తగ్గించుకొనుటకు వెనుదీయని ఈ గుణము మెచ్చదగినది. "అధిక భారము" అను మాటకు బదులు "క్రమవృద్ధి" అను పేరు కూడ అప్పుడే స్థిరపడెను. మొదటి పేరు వినిన రోగి జంకుట సహజమే గదా!

బరువు ఏల అవసరము? కండరమును కదలించు నాడీకణములలో చిన్నవి ముందుగను, పెద్దవి పిదపను పనిలోనికి దిగునని ఎల్వుడ్ హెన్నెమన్ 1957 మొదలుగా ప్రకటించిన పరిశోధనలు తెలిపినవి. స్వల్ప ప్రయత్నమునకు చిన్న కణముల అధీనములోని పోగులే చాలును. తక్కినవి సోమరులై ఉండును. (తేలిక బరువునైనను పూర్తిగా అలసిపోవువరకు ఎత్తినచో పెద్దవియు పనిచేయునని తరువాత తెలిసినది.)

చికిత్సకు పనికివచ్చిన ఈ సూత్రము నివారణకును పనికివచ్చినది. పరుగెత్తువారికి తొడ వెనుక కండరము చిరుగుట తరచు కలుగు గాయము. దీనికి ఒక వ్యాయామము కలదు. ఆటగాడు మోకాళ్లపై నిలుచును. తోడివాడు వెనుకనుండి మడమలను గట్టిగా పట్టుకొనును. ఆటగాడు తన దేహభారమును ఆపుకొనుచు మెల్లగా ముందునకు ఒరుగును. ఇచట దేహమే బరువు, మిత్రుడే సాధనము. డెన్మార్కులో 50 ఫుట్‌బాల్ జట్లకు చెందిన 942 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2011లో వెలువడినవి. ఈ వ్యాయామమును పదివారములు క్రమముగా పెంచుచు చేసిన జట్లలో అట్టి గాయములు 15, చేయని జట్లలో 52.