శ్రవణం

‘శ్రు’ అంటే వినడం. శ్రుతి, శ్రోత, శ్రవణం ఆ ధాతువు బిడ్డలే. తిరుమలలో మాత్రం శ్రవణం అనగానే నక్షత్రం గుర్తొస్తుంది: స్వామివారి జన్మనక్షత్రం, బ్రహ్మోత్సవాల్లో చక్రస్నానం రోజు. కొండ కింద తిరుపతిలో వినికిడి లోపమున్న పసివాళ్లకు మాట నేర్పే టీటీడీ ప్రాజెక్టు పేరూ శ్రవణమే. పెట్టినవాళ్లెవరోగానీ గట్టివాళ్లు! పుట్టుకతో వినపడని బిడ్డకు, గొంతు బాగున్నా, సాయం అందకపోతే నోటిమాట రావడం కష్టం. మనం ‘మూగ’ అనేసి ఊరుకుంటాం. బడిలోనైతే ‘మొద్దు’, అంటే చెక్కదుంగ. చెవి మందమైనవాడికీ, నత్తి పిల్లకీ, చదవడంలో తడబడే డిస్లెక్సియా పిల్లాడికీ ఒకటే ముద్ర. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం వినికిడి లోపాన్ని, మాట-భాషా వైకల్యాన్ని, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని వేటికవే లెక్కగట్టింది.