పికప్ ట్రక్కులో బరువుల రవాణా

పికప్ ట్రక్కు అనగా ముందు భాగమున క్యాబిన్, వెనుక పైకప్పు లేని సరుకు తొట్టి కలిగిన తేలికపాటి వాహనము. టొయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్, ఇసుజు డి-మ్యాక్స్ మొదలైనవి మధ్యతరహా పికప్ ట్రక్కులు. వీటిలో ఇసుజు డి-మ్యాక్స్ ఆంధ్ర ప్రదేశ్ లోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారములో తయారగుచున్నది. ఇసుక, సిమెంటు వంటి సరుకులు వేసినపుడు తొట్టి నిండకముందే ఈ వాహనాల బరువు పరిమితి దాటిపోవును. కావున తొట్టిలోని ఖాళీ స్థలము బరువుకు కొలమానము కాదు.

మోయగల బరువు

వాహనము, ఇంధనము, మనుషులు, సరుకు అన్నీ కలిపి ఉండదగిన గరిష్ఠ బరువును స్థూల వాహన బరువు అంటారు. దీని నుండి ఖాళీ బండి బరువును తీసివేయగా మిగిలినదే మోయగల బరువు. ఉదాహరణకు స్థూల బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,900 కిలోలు అయిన వాహనము 1,000 కిలోలు మోయగలదు. క్యాబిన్ లోని ముగ్గురి బరువు 210 కిలోలైతే సరుకుకు మిగిలేది 790 కిలోలు మాత్రమే. 50 కిలోల సిమెంటు బస్తాలు 15 వేయవచ్చును. 16వ బస్తాతో పరిమితి దాటును. ఒక ఘనపు మీటరు పొడి ఇసుక సుమారు 1,600 కిలోలు తూగును. తడిసిన ఇసుక బరువు ఇంకా ఎక్కువ.

సరుకు అమరిక

బరువైన వస్తువులను అడుగున, క్యాబిన్ కు దగ్గరగా, రెండు ప్రక్కలా సమానముగా ఉంచవలెను. వెనుక ఇరుసుకు ఆవల ఉంచిన బరువు తులాదండము వలె పనిచేసి ముందు చక్రాలను తేలిక చేయును. రెండు ఇరుసుల మధ్య దూరము 3.2 మీటర్లు ఉన్న బండిలో, వెనుక ఇరుసుకు ఒక మీటరు ఆవల 200 కిలోలు ఉంచితే ముందు ఇరుసుపై సుమారు 62 కిలోల భారము తగ్గును. దీనివలన స్టీరింగు పట్టు, ముందు బ్రేకుల పట్టు తగ్గును. హెడ్ లైట్ల కాంతి పైకి లేచి ఎదుటివారి కళ్ళలో పడును. ఎత్తుగా పేర్చిన సరుకు వలన గరిమనాభి పైకి జరిగి, మలుపులలో బండి బోల్తాపడే ప్రమాదము పెరుగును.

కట్టుట

హఠాత్తుగా బ్రేకు వేసినపుడు సరుకు తన వేగముతోనే ముందుకు సాగును. సరుకు బరువు ఎంత ఎక్కువైనా అది తనంతట తాను నిలిచి ఉండదు. అమెరికాలో వాణిజ్య వాహనాల నిబంధనల ప్రకారము, కట్టిన పట్టీలు లేదా గొలుసుల మొత్తము పని సామర్థ్యము సరుకు బరువులో కనీసము సగము ఉండవలెను. పదునైన అంచుల వద్ద పట్టీ తెగకుండా అడ్డు పెట్టవలెను. ప్రయాణములో సరుకు సర్దుకొని పట్టీలు వదులగును కనుక కొంత దూరము వెళ్ళిన తరువాత ఆగి మరల బిగించవలెను.

టైర్లు, బ్రేకులు, కమాను పట్టీలు

టైరు ప్రక్కగోడపై ముద్రించిన భార సూచిక ఆ టైరు మోయగల బరువును తెలుపును. ఉదాహరణకు 112 అనగా 1,120 కిలోలు. గాలి తక్కువైన టైరు భారము క్రింద అధికముగా వంగి, వేడెక్కి పగిలిపోవచ్చును. బరువు పెరిగినకొలదీ ఆగుటకు పట్టు దూరము, బ్రేకులలో పుట్టే వేడి పెరుగును. ఘాట్ రోడ్లపై దిగునపుడు బ్రేకునే నమ్ముకొనక తక్కువ గేరులో నడుపుట అవసరము.

అదనపు కమాను పట్టీలు వేయించుట వలన బండి వెనుక భాగము కుంగదు. కాని ఇరుసు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ మునుపటివే కనుక మోయగల బరువు పెరగదు. పైగా అధిక భారమును సూచించే కుంగుదల కనబడకుండా పోవును.

చట్టము

భారతదేశములో మోటారు వాహనాల చట్టము, 1988 లోని 113వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని స్థూల బరువును మించి వాహనమును నడుపరాదు. 2019 నాటి సవరణ 194వ సెక్షను క్రింద 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలు జరిమానాగా నిర్ణయించినది. అధిక సరుకును దింపిన పిదపనే వాహనమును కదలనిస్తారు.

సరుకుపై మనుషులు

సరుకుపై కూర్చున్నవారికి సీటు బెల్టు గాని, పట్టుకొనుటకు ఆధారము గాని ఉండదు. చిన్న కుదుపుకే వారు రోడ్డుపై పడవచ్చును. బండి బోల్తాపడితే అదే సరుకు వారిపై పడును. కావున కూలీలను సరుకుతో పాటు తొట్టిలో ఎక్కించక, వేరే వాహనములో పంపుటయే క్షేమకరము.