ఆ దీవి చేయి ఊపిన రోజు

2011 ఫిబ్రవరి 20, ఆదివారం. జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలో, కగోషిమా-చువో స్టేషన్ నుంచి ఇంద్రధనుస్సు రంగులద్దుకున్న బుల్లెట్ రైలు కదిలింది. కిటికీల దగ్గర కెమెరాలు బయటికి చూస్తున్నాయి. ఉత్తరాన సుమారు 257 కిలోమీటర్ల దూరంలోని హకాత స్టేషన్ దాకా చిత్రీకరణ ఆగకుండా సాగాలి.

పట్టాల పొడవునా జనమే. పొలం గట్ల మీద, వంతెనల పక్కన, అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో, మైదానాల్లో బారులు తీరి ఉన్నారు. అల్లంత దూరాన రైలు కనబడగానే కేకలు మొదలయ్యాయి. జెండా ఉన్నవాళ్లు జెండా ఊపారు, బ్యానర్ తెచ్చినవాళ్లు బ్యానర్ ఎత్తారు, ఏమీ లేనివాళ్లు రెండు చేతులూ ఊపారు. వేషాలు కట్టి వచ్చినవాళ్లున్నారు, రైలుతో పోటీపడి పరుగెత్తినవాళ్లున్నారు. రైలు కళ్లముందు ఉండేది కొన్ని క్షణాలే. ఆ కాసేపటి కోసం ఇంటిల్లిపాదీ తరలివచ్చారు.

వీళ్లెవరూ డబ్బులిచ్చి పిలిపించిన నటులు కారు. ఫలానా రోజు రైలు మీ ఊరి మీదుగా వెళ్తుంది, ఎక్కడున్నా చేయి ఊపండి, మీరంతా మా టీవీ ప్రకటనలో కనిపిస్తారు అని రైల్వే సంస్థ జేఆర్ క్యూషూ ముందే పిలుపునిచ్చింది. వేల మంది ఆ మాట అందుకున్నారు.

నాలుగు దశాబ్దాల ఎదురుచూపు

అంత సంబరం ఊరికే రాలేదు. టోక్యో, ఒసాకాల మధ్య బుల్లెట్ రైలు 1964లోనే పరుగు తీసింది. 1975లో హకాత దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దీవి దక్షిణ కొస వరకూ మార్గం వెయ్యాలని ప్రభుత్వం 1973లోనే నిర్ణయించినా, షిన్-యాత్సుషిరో నుంచి కగోషిమా దాకా మొదటి భాగం తెరుచుకునేసరికి 2004 వచ్చింది. అప్పటికీ హకాత వెళ్లాలంటే మధ్యలో దిగి రైలు మారాల్సిందే. ప్రయాణం 2 గంటల 12 నిమిషాలు పట్టేది. మిగిలిన భాగం కూడా పూర్తయితే అది 1 గంట 19 నిమిషాలకు తగ్గుతుంది. ప్రారంభానికి ముహూర్తం 2011 మార్చి 12. నిర్ణయం నాటి పసిపిల్లలు అప్పటికి తమ పిల్లల్ని భుజాలకెత్తుకుని పట్టాల పక్కన నిలబడే వయసువాళ్లు.

ఆ ఆదివారం చిత్రీకరించిన ప్రకటనకు పాట పాడింది స్వీడన్ గాయని మైయా హిరసావా. ఆమె తల్లిది స్వీడన్, తండ్రిది జపాన్. పాట పేరు ‘బూమ్!’. హుషారుగా మొదలై అంతకంతకూ పైకెగసే ఇంగ్లిష్ పాట అది. మూడు నిమిషాల ప్రకటనలో ఆ పాట వెంట ఊళ్లు, చేతులు, నవ్వులు వరసగా సాగిపోతాయి. చివర్లో వినిపించే మాటలు టికెట్ ధర గురించో వేగం గురించో కావు. ఆ రోజు చేయి ఊపినందుకు, నవ్వినందుకు, అందరూ ఒక్కటైనందుకు కృతజ్ఞతలు చెబుతాయి.

మార్చి మొదట్లో ప్రకటన టీవీల్లోకి వచ్చింది. తాము ఎక్కడ కనిపిస్తామోనని క్యూషూ జనం టీవీల ముందు చేరారు.

మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు

మార్చి 11, శుక్రవారం. ప్రారంభోత్సవానికి ఇంకా ఒక్కరోజే ఉంది. మధ్యాహ్నం 2:46కు జపాన్ ఈశాన్య తీరానికి ఆవల సముద్రగర్భం కదిలింది. తీవ్రత 9.0. ఆ వెనకే సునామీ. మృతులు, గల్లంతైనవారు కలిపి 18 వేలకు పైనే. ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం.

క్యూషూ అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం. పట్టాలు చెక్కు చెదరలేదు. మర్నాడు అనుకున్న సమయానికే రైలు బయల్దేరింది. స్టేషన్లలో తలపెట్టిన వేడుకలన్నీ రద్దయ్యాయి. ఆ నవ్వుల ప్రకటన కూడా టీవీల్లోంచి తప్పుకుంది. దేశం శవాలను వెతుక్కుంటున్న వేళ పండగ పాట వినిపించడానికి ఎవరికీ మనసొప్పలేదు.

నిజానికి ఆ రోజుల్లో ప్రకటనలన్నీ మూగబోయాయి. కంపెనీలు వెనక్కి తగ్గడంతో ఖాళీ అయిన సమయాన్ని ఏసీ జపాన్ అనే సంస్థ ప్రజాహిత సందేశాలతో నింపింది. ఒకరినొకరు పలకరించుకోవడం నేర్పే పిల్లల పాట ఒకటి రోజుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. పెద్దలకు విసుగొచ్చింది, పిల్లలకు కంఠతా వచ్చింది. 1930లో చిన్న వయసులోనే చనిపోయిన కవయిత్రి కనెకో మిసుజు కవిత కూడా అలాగే మళ్లీమళ్లీ వినిపించింది. జనం ఆమె పుస్తకాల కోసం దుకాణాలకు వెళ్లారు.

ఏప్రిల్‌లో పానీయాల కంపెనీ సంతోరీ తన ప్రకటనల్లో ఒక పని చేసింది. డెబ్బై మందికి పైగా గాయకులు, నటులు సకామోతో క్యూ పాడిన పాత పాటలను ముక్కలు ముక్కలుగా పంచుకుని పాడారు. అందులో ఒకటి ‘ఉయె ఒ ముయితే అరుకో’. 1961 నాటి పాట అది. 1963లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. సకామోతో 1985 విమాన ప్రమాదంలో కన్నుమూశాడు. ఆయన గొంతు మీద బతికిన పాటను ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో ముక్కగా అందుకున్నారు. తెర మీద సీసా లేదు, గ్లాసు లేదు. పాడేవాళ్ల ముఖాలే ఉన్నాయి.

ఎవరూ వెయ్యమనని పాట

ఈలోగా ‘బూమ్!’ మరో దారి పట్టింది. టీవీలో ఆగిపోయిన ప్రకటనను జనం ఇంటర్నెట్‌లో వెతుక్కుని చూడసాగారు. ఒకరు చూసి ఇంకొకరికి పంపారు. క్యూషూ ఎక్కడుందో తెలియని విదేశీయులు కూడా చూశారు. సంతోషంగా ఉన్న మనుషులను చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ ఏడాదే కేన్స్ లయన్స్ ప్రకటనల ఉత్సవంలో దానికి బంగారు పురస్కారం దక్కింది.

ఎందుకలా కదిలించింది? తెర మీద కనిపించేది మార్చి 11కు ముందరి జపాన్. రేపటి మీద నమ్మకంతో రోడ్డు మీదికొచ్చిన మామూలు మనుషులు. పోగొట్టుకున్నది ఏమిటో, మళ్లీ నిలబెట్టుకోవాల్సింది ఏమిటో ఆ మూడు నిమిషాల్లో కళ్లకు కట్టింది. ప్రకటనగా దాని పని ఆగిపోయాకే ఆ పాట జనానికి సొంతమైంది.

జపాన్ ప్రకటనల పాటలకు ఈ గుణం పుట్టుకతోనే ఉంది. అక్కడ ప్రైవేటు రేడియో మొదలైన 1951లోనే తొలి ప్రకటన పాట వచ్చింది. ఫొటో ఫిల్ములు తయారుచేసే కొనిషిరొకు కంపెనీ కోసం మికి తొరిరో రాసి, బాణీ కట్టాడు. ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ తిప్పల మీద సరదా పాట అది. అందులో కంపెనీ పేరు లేదు, సరుకు పేరూ లేదు. వినేవాడిని సంతోషపెడితే చాలు, మిగతాది వాడే గుర్తుపెట్టుకుంటాడన్న ధీమా ఆ పాటది. అరవై ఏళ్ల తర్వాత ‘బూమ్!’ నిలిచిందీ ఆ ధీమా మీదే.

ఆ రైలు మార్గం కథ అక్కడితో ఆగలేదు. 2016 ఏప్రిల్‌లో భూకంపం క్యూషూకే వచ్చింది. 14వ తేదీ రాత్రి కుమమోతో దగ్గర ప్రయాణికులు లేని బుల్లెట్ రైలు పట్టాలు తప్పింది. 16న ఇంకా పెద్ద కుదుపు. అయినా అదే నెల 27 నాటికి మొత్తం మార్గం మీద రైళ్లు తిరిగాయి. మార్గం తెరిచిన పదేళ్ల పండగ వచ్చేసరికి కరోనా. జనం గుమిగూడే వీల్లేని ఆ 2021 మార్చి 14 రాత్రి, జనం రాసి పంపిన కోరికలను మోసుకుంటూ వెలుగులు విరజిమ్మే రైలు కగోషిమా నుంచి హకాతకు సాగింది. దానికి ‘ఉల్కా షింకాన్‌సెన్’ (ఉల్కా బుల్లెట్ రైలు) అని పేరు పెట్టారు.

మంచి పాటను డబ్బిచ్చి రాయించుకోవచ్చు, మంచి గొంతునూ తెచ్చుకోవచ్చు. జ్ఞాపకాన్ని మాత్రం ఏ కంపెనీ తయారుచేయలేదు. జనం తమ ఆదివారాన్ని, తమ నవ్వును అందులో పెట్టినప్పుడే అది పుడుతుంది. జేఆర్ క్యూషూ చేసిన గొప్ప పని రైలును పొగుడుకోకపోవడం, కెమెరాను జనం వైపు తిప్పడం. అమ్మకం కోసం పాట కట్టే ప్రతివాళ్లూ నేర్చుకోదగిన పాఠం ఇది.