సన్నాయి ఎవరి ఊపిరి?

యూరప్‌లో ప్రాచీన సంగీత బృందాలని కొన్ని ఉన్నాయి. వందల ఏళ్ల నాటి పాటల్ని రాతప్రతుల్లోంచి వెతికి తీసి, ఆనాటి వాద్యాల్ని మళ్లీ చేయించుకుని కచేరీలు చేస్తుంటాయి. 1974లో బాసెల్‌లో జోర్డీ సవాల్ మరికొందరితో కలిసి పెట్టిన హెస్పేరియన్ బృందం వాటిలో పేరున్నది. స్పెయిన్‌లో ముస్లింలు, యూదులు, క్రైస్తవులు కలిసి బతికిన కాలపు పాటల్ని అది ఒకే వేదిక మీదికి తెచ్చింది. ఆ వాద్యాల పుట్టుక అడిగితే దారి అరబ్బు దేశాలకు పోతుంది. ల్యూట్ అనే తీగవాద్యం 'అల్ ఊద్' నుంచి వచ్చింది. నేకర్లనే జంట డోళ్లు మన నగారాలే. వాళ్ల షామ్ మన సన్నాయికి చుట్టం.

బద్వేలు మాట చెప్పబోయి ఇంత దూరం ఎందుకు పోయామంటే, అక్కడ తవ్వి తీసుకుంటున్నది ఇక్కడ ఇంకా ఊపిరితో ఉంది. ఆ ఊపిరి ఎవరిదో మాత్రం ఎవరూ చెప్పరు.

బద్వేలుకు పొరుగునే కందిమల్లాయపల్లె. పోతులూరి వీరబ్రహ్మంగారి మఠం అక్కడే. ఆయన శిష్యుల్లో ముందు చెప్పుకునే సిద్ధయ్య ముడుమాల దూదేకుల బిడ్డ. కొడుకు మతం చెడ్డాడని తల్లిదండ్రులు నవాబు దగ్గరికి పోయారని, గురువు, శిష్యుడు అక్కడ నిలబడి జవాబు చెప్పుకున్నారని కథ. ఆ కథ నాటకమై కడప, కర్నూలు పల్లెల్లో తెల్లవార్లూ ఆడింది. 1984లో సినిమాగానూ వచ్చింది. సిద్ధయ్య పేరున్న తత్వాలు ఏకతార మీద, తాళాల మీద ఇప్పటికీ సాగుతున్నాయి. పాడేవాళ్లలో మాలలున్నారు, మాదిగలున్నారు, కంసాలులున్నారు, రెడ్లున్నారు. నాటకంలో సిద్ధయ్యను చూసి కళ్లు తుడుచుకున్న ఊరే, తెల్లవారి వీధిలో దూది ఏకే సాయిబు ఎదురైతే ఏమని పిలిచింది? గురువు ఒప్పుకున్నవాణ్ణి ఊరు ఒప్పుకుందా?

ఇక నాదస్వరం. తెలుగునాట గుడి ముందు మేళం వాయించేవాళ్లలో తరతరాలుగా ముస్లింలున్నారు. దేవుడి మేలుకొలుపూ, పెళ్లిలో మంగళవాద్యమూ వాళ్ల చేతుల్లోనివే. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే శారద పేరుతో నాదస్వర ఆశ్రమం నడిపారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. బాబ్రీ మసీదు కూలి అప్పటికి ఆరేళ్లు. ఆయన శిష్యులైన కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. గోసవీడు షేక్ హసన్‌కు 2022లో వచ్చింది, ఆయన పోయిన తర్వాత. బిరుదులు వచ్చినప్పుడు 'మతసామరస్యానికి ప్రతీక' అని పత్రికలు రాస్తాయి. ఆ మాట రాసేవాళ్లలో మేమూ ఉన్నాం. రాసినప్పుడల్లా ఒక సందేహం. ప్రతీకకు ఆకలి ఉండదు, పిల్లల చదువుల ఖర్చు ఉండదు. మేళగాడికి ఉంటాయి. గుడి బయట నిలబడి వాయించే మనిషికి గుడి లెక్కల్లో జాగా ఎంత?

మొహర్రం వస్తే పీర్లు లేస్తాయి. అలావా చుట్టూ అడుగులు పడతాయి. దప్పు కొట్టేది దళితులు, హసన్ హుసేన్ల కథ తెలుగు పాటగా పాడేది ఊరంతా. కర్బలా ఎక్కడ, కడప ఎక్కడ! పుస్తకం చదవని గొంతుల్లోనే ఆ చరిత్ర ఇన్ని వందల మైళ్లు నడిచొచ్చింది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మేము ఈ మనుషుల్ని ఎప్పుడు మావాళ్లనుకున్నాం? దూదేకులవాళ్లకు ఉర్దూ రాదని నవ్వాం. పిల్లనివ్వలేదు, వాళ్ల పిల్లను తెచ్చుకోలేదు. పీర్ల పండగ బిద్‌అత్ అనీ, వాయిద్యం హరామ్ అనీ చెప్పేవాళ్లు వచ్చినప్పుడు తలూపాం. సర్కారు వాళ్లను బి.సి.-బి లో రాసింది, మరికొన్ని ముస్లిం వర్గాల్ని 2007 చట్టంతో బి.సి.-ఇ లో చేర్చింది. కాగితం మీద గీత ఇటీవలిది. నిఖాలో గీత మేము ఎప్పుడో గీసుకున్నది.

గుడి వాళ్లకు అతను సాయిబు. మసీదు వాళ్లకు సగం సాయిబు. రెండు గడపల మధ్య నిలబడి ఊదుతున్నాడు కాబట్టే సన్నాయి ఇన్నాళ్లు నిలిచింది. అతని కొడుకు మాత్రం ఈ పని వద్దంటున్నాడు. ఆ మాట అనే హక్కు అతనికుంది. గౌరవం లేని వారసత్వాన్ని మొయ్యమని చెప్పడానికి మనమెవరం?

ప్రాచీన సంగీతాన్ని బతికించాలని రేపెవరైనా బద్వేల్లో కచేరీ పెడితే మేము సంతోషంగా పోతాం. కచేరీ అనే మాటే ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చింది, పరాయితనం ఏమీ ఉండదు. అయితే ఒక్కటి అడుగుతాం. తత్వం పాడే మనిషినీ, మేళం ఊదే మనిషినీ, దప్పు కొట్టే మనిషినీ పాటకు ముందు పేరు పెట్టి పిలవండి. పాట అయ్యాక వాళ్లను మీ పంక్తిలో కూర్చోబెట్టండి. మేమూ మా దస్తర్‌ఖాన్ పరుస్తాం. ఇన్నాళ్లూ పరవనందుకు సిగ్గుపడుతూనే పరుస్తాం.